ఆరు వారాల వాయిదా

1

2020 మార్చి 12న ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కోవిడ్ కేసు నెల్లూరులో బయటపడింది. ఇటలీ నుంచి తిరిగివచ్చిన ఒక యువకుడికి జబ్బు సోకినట్టు తేలింది. సరిగ్గా ఆ రోజుల్లోనే రాష్ట్రమంతటా స్థానిక సంస్థల ఎన్నికలకు నామినేషన్లు వేస్తున్నారు. నెల్లూరుకు దక్షిణాన, కాళంగి ఒడ్డున, మద్రాసు రైలు మార్గం మీద వున్న సూళ్లూరుపేట కూడా అందులో ఒకటి. ఇవాళ అది తిరుపతి జిల్లాలో వుంది. 2022 ఏప్రిల్ 4 దాకా నెల్లూరు జిల్లా మున్సిపాలిటీ. ఆ జిల్లాలో సూళ్లూరుపేట, నాయుడుపేట, వెంకటగిరి, ఆత్మకూరు పట్టణాలు 2020 మార్చి 23న వోటు వేయవలసి వుంది.

వేయలేదు. మార్చి 15, ఆదివారం నాడు రాష్ట్ర ఎన్నికల కమిషనరు నిమ్మగడ్డ రమేష్ కుమార్ ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేస్తున్నట్టు ప్రకటించారు. మండల, జిల్లా పరిషత్తులకు మార్చి 21న, మున్సిపాలిటీలకు 23న, పంచాయతీలకు 27, 29 తేదీల్లో జరగవలసిన పోలింగు అక్కడితో ఆగింది.

ఆ ఆరు వారాలు ఎంత సాగాయి? పంచాయతీల వోటు 2021 ఫిబ్రవరిలో పడింది. సూళ్లూరుపేట పట్టణం 2021 మార్చి 10న వోటు వేసింది. మండల, జిల్లా పరిషత్తులకు 2021 ఏప్రిల్ 8న వోటు వేయించి, పెట్టెలకు సీళ్లు వేసి, వాటిని 2021 సెప్టెంబరు 19న గాని విప్పలేదు. ఆరు వారాలని చెప్పిన వాయిదా పద్ధెనిమిది నెలలకు తెమిలింది.

ఈ పద్ధెనిమిది నెలల కథను మన పత్రికలు ఇద్దరు మనుషుల పోరుగా చెప్పాయి. ఒక ముఖ్యమంత్రి, ఒక కమిషనరు. ఎవరిది పైచేయి అయింది, ఏ కోర్టులో ఎవరికి మొట్టికాయ పడింది అన్నదే వార్త. చరిత్రను వ్యక్తుల పంతాలుగా చూసే చూపు ఇది. ఆ చూపుకు ఒక ముఖ్యమైన విషయం ఆనదు. వోటు లేని ఆ కాలంలో సూళ్లూరుపేట లాంటి ఒక చిన్న పట్టణంలో, దాని చుట్టూ వున్న పల్లెల్లో జనానికి ఏం పోయింది? అసలు ఆ పోవడం ఎప్పుడు మొదలయింది? ఈ వ్యాసం ఈ రెండు ప్రశ్నలకే పరిమితం.

2

ముందుగా రెండో ప్రశ్న. మహమ్మారి వచ్చి ఎన్నికలను ఆపింది అన్న మాట సగమే నిజం. మహమ్మారి వచ్చేనాటికి ఎన్నికలు ఆగివున్నాయి.

2013 జూలైలో ఎన్నికైన పంచాయతీల గడువు 2018 ఆగస్టు 1తో తీరింది. అప్పుడు రాష్ట్రంలో వున్నది తెలుగుదేశం ప్రభుత్వం. ఎన్నికలు పెట్టలేదు. సర్పంచుల కుర్చీల్లో ప్రత్యేకాధికారులు కూర్చున్నారు. 2014లో ఎన్నికైన మున్సిపాలిటీలకు, మండల, జిల్లా పరిషత్తులకు 2019 జూలైలో గడువు తీరింది. అప్పటికి ప్రభుత్వం మారింది. వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది. అదీ ఎన్నికలు పెట్టలేదు. అక్కడా ప్రత్యేకాధికారులే. లెక్క వేసి చూడండి. పంచాయతీలు వోటు లేకుండా గడిపిన రెండున్నరేళ్లలో పంతొమ్మిది నెలలు మహమ్మారికి ముందువి. ఆ పంతొమ్మిది నెలల్లో రాష్ట్రంలో ఏ అంటువ్యాధీ లేదు. 2019 వేసవిలో అసెంబ్లీకీ పార్లమెంటుకూ వోటు వేయించడానికి ఏ ఆటంకమూ రాలేదు.

ఇంకా వెనక్కి పోదాం. 2005లో ఎన్నికైన మున్సిపాలిటీల గడువు 2010 సెప్టెంబరులో తీరితే మళ్లీ ఎన్నిక 2014 మార్చి 30న జరిగింది. మూడున్నరేళ్ల ఖాళీ. 2006లో ఎన్నికైన పంచాయతీలకు 2011లో గడువు తీరితే 2013 జూలైలో ఎన్నిక. మండల, జిల్లా పరిషత్తులకు 2011లో తీరితే 2014 ఏప్రిల్‌లో ఎన్నిక. అప్పుడున్నది కాంగ్రెస్ ప్రభుత్వం. వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లపై కోర్టు తగాదాలు అప్పుడు చెప్పిన కారణం. మూడు పార్టీలు, మూడు ప్రభుత్వాలు. పద్ధతి మాత్రం ఒకటే.

ఈ పద్ధతి రాజ్యాంగానికి తెలియనిది కాదు. దీన్ని ఆపడానికే 1993లో 73, 74వ సవరణలు అమలులోకి వచ్చాయి. 243-ఇ, 243-యు అధికరణల ప్రకారం పంచాయతీ గాని మున్సిపాలిటీ గాని అయిదేళ్లకు మించి కొనసాగరాదు. ఆ గడువు తీరకముందే కొత్త ఎన్నిక పూర్తికావాలి. 243-కె అధికరణ ఎన్నికల నిర్వహణను రాష్ట్ర ఎన్నికల కమిషన్‌కు అప్పగించింది. 2006లో అహమ్మదాబాదు మున్సిపల్ కార్పొరేషన్‌పై వచ్చిన కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టం చేసింది. ప్రకృతి వైపరీత్యాల లాంటి అసాధారణ పరిస్థితుల్లో తప్ప గడువు దాటరాదని, అసెంబ్లీ ఎన్నికల విషయంలో కేంద్ర ఎన్నికల సంఘానికి ఎంత అధికారం వుందో స్థానిక ఎన్నికల్లో రాష్ట్ర కమిషన్‌కు అంత అధికారం వుందని చెప్పింది.

మరి ఇంత స్పష్టమైన శాసనం వుండగా ఎందుకు జరగలేదు? శాసనం కమిషన్‌కు అధికారం ఇచ్చింది గాని పనిముట్లు ఇవ్వలేదు. వార్డుల విభజన ప్రభుత్వం చేతిలో వుంది. రిజర్వేషన్ల ఖరారు ప్రభుత్వం చేతిలో వుంది. సిబ్బంది, పోలీసులు, డబ్బు ప్రభుత్వం చేతిలో వున్నాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఆలస్యం చేసినా ఎన్నిక ఆగుతుంది. 2019 డిసెంబరులో ప్రభుత్వం 59.85 శాతం రిజర్వేషన్లతో జీవో ఇచ్చింది. యాభై శాతం హద్దు దాటరాదంటూ 2020 మార్చి 2న హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ తర్వాత మూడు వారాల్లో మొత్తం స్థానిక సంస్థలన్నిటికీ వోటు వేయించాలన్న పరుగు మొదలయింది. మార్చి 7న షెడ్యూలు వచ్చింది. మార్చి 31తో పద్నాలుగో ఆర్థిక సంఘం కాలం ముగుస్తుంది. ఎన్నికైన పాలకవర్గాలు లేకపోతే కేంద్రం నుంచి రావలసిన వేలకోట్ల గ్రాంటు పోతుందన్నది ఆ పరుగుకు కారణం. ఏడాదిన్నర కాలం గుర్తుకురాని పంచాయతీ, గ్రాంటు గడువు దగ్గరపడేసరికి గుర్తుకువచ్చింది.

3

ఆ పరుగులోనే మహమ్మారి ఎదురయింది. ఎదురయ్యేసరికే నామినేషన్ల దగ్గర చాలా జరిగిపోయింది. మండల, జిల్లా పరిషత్తుల ఉపసంహరణల గడువు మార్చి 14తో ముగిసింది. 660 జిల్లా పరిషత్తు స్థానాల్లో 126, 10,047 మండల పరిషత్తు స్థానాల్లో 2,371 ఏకగ్రీవమయ్యాయి. నామినేషన్ పత్రాలు లాక్కున్నారని, అభ్యర్థులను అడ్డుకున్నారని ప్రతిపక్షాలన్నీ ఫిర్యాదులు చేశాయి. వాయిదా ప్రకటించిన రోజునే కమిషనరు చిత్తూరు, గుంటూరు జిల్లాల కలెక్టర్లను బదిలీ చేయాలని ఆదేశించడం వెనుక వున్నది ఈ ఫిర్యాదులే.

ఏకగ్రీవం అన్న మాటను కొంచెం ఆగి పరిశీలించాలి. ఊరంతా ఒక మాట మీదికి రావడం మంచిదే. కాని మన పల్లెల్లో ఏకగ్రీవం చాలా చోట్ల ఊరి పెద్ద ఇంటి అరుగు మీద కుదిరే బేరం. రిజర్వు అయిన స్థానంలో ఎవరిని నిలబెట్టాలో ఆ రిజర్వేషన్ వర్తించని వారే నిర్ణయించడం మనకు కొత్త కాదు. వోటు జరిగితే ఓడిపోయేవాడికి కూడా నాలుగు మాటలు అనే హక్కు వుంటుంది. ఏకగ్రీవంలో ఆ నాలుగు మాటలు కూడా వుండవు. ఎన్నిక ఎలాగూ ఖర్చే గదా అన్న వాదన వినడానికి బాగుంటుంది. ఆ ఖర్చు మిగిలేది ఎవరికి అన్నది అడగాలి.

వాయిదా మీద ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి అదే రోజు తీవ్రంగా స్పందించారు. తమను సంప్రదించలేదన్నారు. భయపడవలసినంత జబ్బు కాదంటూ పారాసిటమాల్ మాత్ర, బ్లీచింగు పొడి ప్రస్తావన తెచ్చారు. కమిషనరు సామాజిక వర్గాన్ని కూడా ఎత్తారు. ఎన్నికలను అనుకున్న ప్రకారం జరపాలని ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి నీలం సాహ్ని కమిషనరుకు లేఖ రాశారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. మార్చి 18న ప్రధాన న్యాయమూర్తి బాబ్డే ధర్మాసనం వాయిదాలో జోక్యం చేసుకోనన్నది. ఎన్నికల నియమావళిని సడలించమన్నది. మళ్లీ తేదీలు పెట్టేటప్పుడు ప్రభుత్వాన్ని సంప్రదించాలన్నది. నాలుగు రోజులకు జనతా కర్ఫ్యూ, వారానికి దేశమంతా లాక్‌డౌను. వాయిదా సరైనదా కాదా అన్న వాదనకు జవాబు ఆ వారంలోనే దొరికింది.

ఈ విషయంలో మొహమాటం అక్కరలేదు. ఆ రోజు ఆ వాయిదా సరైనదే. వోటును ఆపకపోతే ఏమవుతుందో మరో రాష్ట్రం తర్వాత చూపించింది. 2021 ఏప్రిల్‌లో రెండో ఉధృతి మధ్య ఉత్తరప్రదేశ్ నాలుగు దశల్లో పంచాయతీ ఎన్నికలు జరిపింది. ఎన్నికల విధులకు పోయిన ఉపాధ్యాయులు, సిబ్బందిలో 1,621 మంది చనిపోయారని అక్కడి ఉపాధ్యాయ సంఘం పేర్లతో సహా జాబితా ఇచ్చింది. ప్రభుత్వం మొదట ముగ్గురే అన్నది. వోటు పెట్టె దగ్గర కూర్చునే మనిషి ప్రాణానికి విలువ కట్టడంలో ఇంత తేడా.

4

మన దగ్గర మాత్రమే ఇలా జరిగిందనుకోవడం పొరపాటు. అదే మార్చిలో అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీల అభ్యర్థులను తేల్చే ప్రాథమిక ఎన్నికలు రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో జరుగుతున్నాయి. మన వాయిదాకు రెండు రోజుల ముందు, మార్చి 13న, లూసియానా రాష్ట్రం ఏప్రిల్ 4న జరగవలసిన తన ఎన్నికను జూన్ 20కి మార్చింది. తర్వాత జూలై 11కు జరిపింది. ఆ దేశంలో మహమ్మారి కారణంగా ఎన్నికను వాయిదా వేసిన మొదటి రాష్ట్రం అది. అక్కడ ఆ పనికి ముందే చట్టం వుంది. అత్యవసర పరిస్థితి వుందని ఎన్నికల అధికారి ధ్రువీకరించాలి, గవర్నరు ఉత్తర్వు ఇవ్వాలి. ఇద్దరూ వేరువేరు పార్టీలవారు. అయినా పని జరిగింది. చట్టమే దారి చూపింది గనక.

ఒహాయోలో అలా జరగలేదు. మార్చి 17 పోలింగుకు ముందురోజు గవర్నరు మద్దతుతో వాయిదా కోరుతూ కోర్టులో దావా పడింది. కోర్టు ఒప్పుకోలేదు. ఆ రాత్రి ఆరోగ్యశాఖ అధిపతి ఉత్తర్వుతో పోలింగు కేంద్రాలు మూయించారు. విస్కాన్సిన్‌లో ఏప్రిల్ 6న గవర్నరు వాయిదా వేస్తే ఆ సాయంత్రానికే రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. మర్నాడు జనం వోటుకు వచ్చారు. మిల్వాకీ నగరంలో 180 దాకా వుండవలసిన కేంద్రాలు అయిదే తెరుచుకున్నాయి. ముఖాలకు గుడ్డలు కట్టుకుని జనం గంటల తరబడి వరసల్లో నిలబడ్డారు. మరో పక్క దక్షిణ కొరియా 2020 ఏప్రిల్ 15న జ్వరం చూసి, చేతులకు తొడుగులిచ్చి, పార్లమెంటు ఎన్నిక జరిపింది. 66 శాతం మంది వోటు వేశారు.

ఈ పోలికల వల్ల తేలేదేమిటి? వాయిదా వేయడం తప్పూ కాదు, ఒప్పూ కాదు. ఎవరు వేయాలి, ఎంతకాలం వేయవచ్చు, ఆ కాలంలో పాలన ఎవరిది అన్న మూడు సంగతులు ముందే రాసివున్నాయా లేదా అన్నదే అసలు విషయం. రాసివున్న చోట జనం నష్టపోయింది కొన్ని వారాలు. రాసిలేని చోట ఆ ఖాళీలోకి బలవంతులు దిగారు.

వందేళ్ల కిందటి సంగతి కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1918లో ఇన్‌ఫ్లూయెంజా ఈ దేశంలో కోటి ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల మంది ప్రాణాలు తీసిందని అంచనాలు. నాటి నెల్లూరు, చిత్తూరు జిల్లాలు మద్రాసు రాజధానిలోవి. తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు వుండేవి గాని వాటిలో సామాన్యుడికి చోటు లేదు. పన్ను కట్టే కొద్దిమందికే వోటు. జనం పిట్టల్లా రాలిపోతుంటే అడగడానికి వాళ్లకొక వార్డు మెంబరు లేడు. అప్పుడు వాయిదా వేయడానికి అసలు వోటే లేదు. వందేళ్ల తర్వాత వచ్చిన మహమ్మారిలో మనకు వోటు వుంది, వార్డు మెంబరు మాత్రం లేడు. చట్టంలో వున్న హక్కు వీధిలో లేకపోవడం అంటే ఇదే.

5

ఇప్పుడు మొదటి ప్రశ్న. జనానికి ఏం పోయింది?

సూళ్లూరుపేట నైసర్గికంగా ఒక దారి ఊరు. మద్రాసు లోకల్ రైలు ఇక్కడిదాకా వస్తుంది. చెన్నై–కోల్‌కతా రహదారి దీన్ని ఆనుకుని పోతుంది. తూర్పున పులికాటు సరస్సు, దాని ఆవల శ్రీహరికోట. 1970 ప్రాంతంలో రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని ఖాళీ చేయించినప్పుడు ఇల్లు వదిలిన యానాదుల పిల్లలు, మనుమలు ఈ చుట్టుపక్కలే బతుకుతున్నారు. దక్షిణాన తడ, శ్రీసిటీ ఫ్యాక్టరీలు, వాటిలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడపిల్లలు, మగపిల్లలు. సరస్సు మధ్య ఇరకం దీవి, పడవ తప్ప దారిలేని ఊరు. అసెంబ్లీ స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు. ఇలాంటి చోట వార్డు మెంబరు అంటే పెద్ద పదవి కాదు. కుళాయి రాకపోతే తలుపు తట్టడానికి ఒక ఇల్లు. అంతే. ఆ ఒక్క ఇల్లే లేకుండా పోయింది.

లాక్‌డౌనులో చెన్నై నుంచి ఉత్తరానికి నడిచిపోయిన కూలీలు ఈ రహదారి మీదనే పోయారు. తడ దగ్గర రాష్ట్రం సరిహద్దు. 2020 ఏప్రిల్ చివర, మే నెలలో చెన్నై కోయంబేడు కూరగాయల మార్కెట్టులో జబ్బు పాకి, అక్కడికి సరుకు తోలే రైతులు, లారీ కార్మికుల ద్వారా చిత్తూరు, నెల్లూరు జిల్లాలకు చేరింది. వీధులకు కట్టెలు అడ్డం కట్టారు. ఏ వీధిని మూయాలి, ఎప్పుడు తెరవాలి, మూసిన వీధిలో పాలు, మందులు ఎవరు ఇవ్వాలి అన్నవి ఊరి నిర్ణయాలు. వాటిని తీసుకున్నది ప్రత్యేకాధికారి, తహశీల్దారు, పోలీసు. వారిలో చాలామంది రాత్రింబవళ్లు పనిచేశారు. పారిశుద్ధ్య కార్మికులు, ఆశా కార్యకర్తలు ప్రాణాలకు తెగించారు. ఆ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. కాని అధికారి జవాబు చెప్పేది పైవాడికి. మెంబరు జవాబు చెప్పవలసింది కిందివాళ్లకు. ఈ తేడా మామూలు రోజుల్లో కనిపించదు. అడ్డం కట్టిన వీధిలో కనిపిస్తుంది.

ఖాళీగా వున్న ఆ చోటును ప్రభుత్వం ఖాళీగా వుంచలేదు. 2019 ఆగస్టులో గ్రామాల్లో యాభై ఇళ్లకు ఒకరు చొప్పున వాలంటీర్లను నియమించింది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. లాక్‌డౌనులో పింఛను ఇంటికి తెచ్చిందీ, జ్వరం ఎవరికుందో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నదీ, 2020 ఏప్రిల్‌లో కార్డుదారులకు వెయ్యి రూపాయలు అందించిందీ వాలంటీర్లే. ఆ డబ్బు పంచేటప్పుడు అధికార పక్ష అభ్యర్థులు వెంట వుండి వోట్లు అడిగారని ప్రతిపక్షాలు ఫిర్యాదు చేశాయి. ఫిర్యాదు సంగతి పక్కన పెట్టినా అసలు విషయం ఒకటి మిగులుతుంది. ఇంటికి సాయం రావడం ముసలివాళ్లకు మేలే. కాని ఆ సాయం తెచ్చినవాడిని జనం ఎన్నుకోలేదు, మార్చలేరు. ఎన్నికైన పంచాయతీ పక్కన, దాని మీద ఆధారపడని మరో యంత్రాంగం నిలబడింది. పంచాయతీ లేని రెండున్నరేళ్లలో అది వేళ్లూనుకున్నది. వోటు వచ్చేనాటికి సర్పంచు చేతిలో చెక్కు మీద సంతకం తప్ప పెద్దగా పని మిగల్లేదు. వాయిదా వల్ల పోయినదాన్ని నెలల్లో లెక్కిస్తే సరిపోదంటున్నది ఇందుకే.

6

తర్వాతి ఘట్టాలను క్లుప్తంగా చెబుతాను. 2020 ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 1994 పంచాయతీరాజ్ చట్టం 200వ సెక్షన్‌ను మార్చి కమిషనరు పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. 2016లో వచ్చిన రమేష్ కుమార్ పదవి దానితో ముగిసిపోయింది. మర్నాడు మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కనగరాజ్ ఆ కుర్చీలో కూర్చున్నారు. మే 29న హైకోర్టు ఆర్డినెన్సును కొట్టివేసింది. సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు. జూలై చివరకు గాని పాత కమిషనరు తిరిగి రాలేదు. ఊళ్లలో జబ్బు పెరుగుతున్న నాలుగు నెలల కాలం ఎవరు కమిషనరు అన్న తగాదాతో గడిచింది.

నవంబరు 17న కమిషనరు ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరుపుతానన్నారు. ఇప్పుడు మాటలు తారుమారయ్యాయి. మార్చిలో జబ్బుకు భయపడనక్కరలేదన్న ప్రభుత్వం జబ్బు వుంది గనక ఎన్నికలు వద్దన్నది. టీకాలు వేయాలన్నది. 2021 జనవరి 11న ఏకసభ్య ధర్మాసనం షెడ్యూలును ఆపింది. 21న డివిజన్ బెంచి ఆ ఉత్తర్వును తీసేసింది. 25న సుప్రీంకోర్టు ప్రభుత్వం, ఉద్యోగ సంఘాల పిటిషన్లను కొట్టివేసింది. ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో పంచాయతీలకు వోటు పడింది. నాలుగు దశల్లోనూ ఎనభై శాతానికి పైగా వోటు వేశారు.

ఈ ఎనభై శాతాన్ని గురించి ఒక మాట. పట్టణాల్లో చదువుకున్నవాళ్లు ఊళ్లో ఎన్నికలంటే డబ్బు, సారా అని తేల్చేస్తారు. డబ్బు వుంది, సారా వుంది, దాచేదేమీ లేదు. కాని మాస్కు కట్టుకుని, జబ్బు భయంతో, ఎండలో వరసలో నిలబడిన ముసలమ్మను డబ్బు ఒక్కటే తేలేదు. రెండున్నరేళ్లుగా తన మాట అడిగినవాడు లేడన్న కసి కూడా తెచ్చింది.

2021 మార్చి 10న మున్సిపాలిటీలకు వోటు. 2020 మార్చిలో ఏ అడుగు దగ్గర ఆగిందో ఆ అడుగు నుంచే మొదలుపెట్టారు. అంటే ఏడాది కిందట వేసిన నామినేషన్లే చెల్లుతాయి. ఆనాడు వేయలేకపోయినవాడికి ఇప్పుడూ అవకాశం లేదు. తిరుపతి, పుంగనూరు, రాయచోటి, ఎర్రగుంట్లలో కొన్ని వార్డుల్లో మళ్లీ నామినేషన్లు వేసుకోనిస్తూ కమిషనరు ఇచ్చిన ఉత్తర్వును హైకోర్టు తోసిపుచ్చింది. పుంగనూరు, పులివెందుల, మాచర్ల, పిడుగురాళ్లలో ఒక్క వార్డులో కూడా పోలింగు జరగలేదు. ఆ పట్టణాల వోటరుకు వాయిదా తొలగినా వోటు రాలేదు.

మార్చి 31న రమేష్ కుమార్ పదవీ విరమణ చేశారు. ఏప్రిల్ 1న ఆ కుర్చీలోకి వచ్చినవారు నీలం సాహ్ని. ఏడాది కిందట ఎన్నికలు ఆపవద్దని లేఖ రాసిన ప్రధాన కార్యదర్శి ఆమే. వచ్చిన రోజునే పరిషత్తులకు ఏప్రిల్ 8న పోలింగు అన్నారు. తెలుగుదేశం బహిష్కరిస్తున్నట్టు ప్రకటించింది. రోజుకు రెండు వేల కేసులు దాటి రెండో ఉధృతి లేస్తున్న కాలమది. 6న హైకోర్టు ఆపింది, 7న జరపమన్నది, 8న వోటు పడింది, లెక్కింపు ఆగింది. మే 21న ఆ ఎన్నికే చెల్లదని ఏకసభ్య ధర్మాసనం, సెప్టెంబరు 16న చెల్లుతుందని డివిజన్ బెంచి. 19న పెట్టెలు విప్పారు. అయిదు నెలలు చీకట్లో వున్న వోట్లవి.

ఈలోగా మరో వోటు. సూళ్లూరుపేట తిరుపతి లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. ఆ స్థానం సభ్యుడు బల్లి దుర్గాప్రసాదరావు 2020 సెప్టెంబరు 16న కోవిడ్‌తోనే కన్నుమూశారు. ఏడు నెలలకు, 2021 ఏప్రిల్ 17న ఉప ఎన్నిక జరిగింది. సభలు, ఊరేగింపులు జరిగాయి. మే 2న ఫలితం వచ్చింది. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక పదకొండు మంది చనిపోయారని అధికారులే చెప్పారు. ఆ నెలలో రాష్ట్రంలో రోజుకు ఇరవై వేల పైన కేసులు వచ్చాయి. ఎన్నిక వల్లనే ఇది జరిగిందని ఎవరూ లెక్కగట్టి చెప్పలేరు. ఒక్కటి మాత్రం చెప్పవచ్చు. 2020 మార్చిలో ఒక్క కేసు వున్నప్పుడు పనికివచ్చిన జాగ్రత్త, 2021 ఏప్రిల్‌లో వేల కేసులున్నప్పుడు ఎవరికీ గుర్తులేదు. వోటు పెట్టాలో ఆపాలో తేల్చింది జబ్బు కాదు. ఆ క్షణాన ఆ వోటు ఎవరికి కావాలో అదే తేల్చింది.

7

ఇంతకూ మనం నేర్చుకోవలసిందేమిటి?

మహమ్మారి కాలంలో వోటు వాయిదా పడవచ్చు. పడాలి కూడా. కాని ఆ వాయిదాకు ఆది, అంతం చట్టంలో వుండాలి. ఆరోగ్య పరిస్థితిని ధ్రువీకరించేది ఎవరో రాయాలి. ఇన్ని వారాలకు మించితే శాసనసభ ముందు కారణం చెప్పాలని రాయాలి. వార్డుల విభజన, రిజర్వేషన్ల ఖరారు గడువుకు ఆరు నెలల ముందే ముగించకపోతే ఆ అధికారం కమిషన్‌కు పోతుందని రాయాలి. ఏడాది గడిస్తే పాత నామినేషన్లు చెల్లవని రాయాలి. ఇవేవీ విప్లవాలు కావు, మామూలు నిబంధనలు. మామూలు నిబంధనలు కూడా రాయకపోవడంలో అన్ని పార్టీలకూ ఏకగ్రీవం వుంది. అధికారంలో వున్నప్పుడు ప్రత్యేకాధికారి అందరికీ సౌకర్యం. ప్రతిపక్షంలోకి పోయాకనే స్థానిక స్వపరిపాలన గుర్తుకొస్తుంది.

2021లో గెలిచినవారి అయిదేళ్ల గడువు 2026తో నిండేది. 2010, 2011, 2018, 2019 అనుభవాల తర్వాత ప్రతి గడువూ ఒక పరీక్షే. అందులో తప్పినప్పుడల్లా ఏదో ఒక కారణం దొరుకుతూనే వుంటుంది. కోర్టు కేసు, జనాభా లెక్కలు, తుఫాను, జబ్బు. కారణం మారుతుంది, ఖాళీ కుర్చీ మారదు.

సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి తలుపులు మూయరని పేరు. ఏ వేళప్పుడు పోయినా అమ్మవారి ముందు నిలబడవచ్చునని ఈ ప్రాంతపు జనం చెప్పుకుంటారు. దేవతల సంగతి ఎలావున్నా, కుళాయి రాని రోజున, వీధికి కట్టె అడ్డం కట్టిన రోజున, జ్వరం వచ్చిన రాత్రి తట్టడానికి ఊళ్లో ఒక తలుపు వుండాలి. ఆ తలుపు వెనుక వున్న మనిషి మన వోటుతో అక్కడికి వచ్చివుండాలి, మన వోటుతో పోవలసివుండాలి. 2020లో ఆ తలుపు మూసింది మహమ్మారి కాదు. మహమ్మారి వచ్చేసరికి అది మూసే వుంది.